కేజన్ మసాలా ఇంట్లో చేస్తుంటే: దినుసులు వేయించకండి, ఉప్పు సీసాలో కలపకండి

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. సూపర్ మార్కెట్లో కేజన్ సీజనింగ్ (అమెరికాలోని లూసియానా వైపు వంటల మసాలా పొడి) చిన్న సీసా ధర చూసి, ఇంట్లోనే చేద్దామని ఎండుమిర్చి, మిరియాలు, కాసిని ధనియాలు దోరగా వేయించారు. వెల్లుల్లి పొడి, ఆరెగానో, ఉప్పు కలిపి మిక్సీ పట్టారు. బేబీ పొటాటోల మీద చల్లితే బఫే విందులో తిన్న కేజన్ పొటాటో రుచి రాలేదు, వేపుడు కారం వాసన వచ్చింది. ఒకసారి ఉప్పగా, ఒకసారి చప్పగా ఉంది. పది రోజులకే సీసాలో గడ్డ కట్టింది. ఇదే పొడి చేపలకూ పనికొస్తుందా, ఎయిర్ ఫ్రయర్‌లో వాడొచ్చా అని కూడా అడిగారు.

నేను లూసియానాలో కొన్నేళ్లు ఉండి, ఇప్పుడు హ్యూస్టన్‌లో క్యాటరింగ్ చేస్తున్నాను. ఈ పొడి మా వంటింట్లో కారం డబ్బా పక్కనే ఉంటుంది. మీ మూడు ఇబ్బందులకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి, ఒక్కొక్కటే చెప్తాను.

ముందు వాసన సంగతి. మన ఇళ్లలో పొడి అంటే ముందు మూకుడు పొయ్యెక్కాలి. సాంబారు పొడి, కంది పొడి, కూర కారం, ఏదైనా దినుసులు దోరగా వేగి చల్లారాకే మిక్సీలోకి వెళ్తాయి. మనం ఆ పొడిని కూర దించే ముందు చల్లుతాం, లేదా నేరుగా అన్నంలో నెయ్యి వేసుకుని కలుపుకుంటాం కాబట్టి పచ్చివాసన ముందే పోవాలి. కేజన్ మసాలాకి ఆ అవసరం లేదు. అది పచ్చి చేపకో, చికెన్‌కో, రొయ్యలకో పట్టించి, ఆ తర్వాత పెనం మీద వేస్తాం. దాని వేపుడంతా అక్కడే జరుగుతుంది. ముందే ఒకసారి వేగిన మిరపపొడి మళ్లీ మండే పెనం మీద పడితే అందులోని తీపి మాడిపోతుంది. ఎరుపు ఇటుక రంగుకి తిరిగి, నాలుక చివర చేదు తగులుతుంది. అందుకే ఈ పొడిలో ఏ దినుసూ వేయించరు. ఎండినవి పొడి చేసి కలపడమే. ఇక ధనియాలు పడ్డాక మన ముక్కు దాన్ని కూర కారం అనే గుర్తుపడుతుంది, ఇంకేం వేసినా లాభం లేదు.

ఈ వంట ఎవరిదో తెలిస్తే ఏది వెయ్యాలో, ఏది వద్దో తేలిగ్గా అర్థమవుతుంది. ఇప్పటి కెనడా తూర్పు తీరంలో, నోవా స్కోషియా వైపు, అకాడియా అని ఫ్రెంచ్ వాళ్ల వలస ప్రాంతం ఉండేది. 1755లో బ్రిటిష్ వాళ్లు అక్కడి రైతుల్ని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి ఓడలెక్కించారు. చెల్లాచెదురైన ఆ కుటుంబాల్లో కొన్ని 1765 ప్రాంతంలో లూసియానా చేరాయి. 1785లో ఫ్రాన్స్ నుంచి ఏడు ఓడల్లో మరో పెద్ద గుంపు వచ్చింది. వాళ్ల సంతతే కేజన్లు. చిత్తడి నేలలు, నిదానంగా పారే బాయూ కాలవలు, వరి పొలాలు ఉన్న చోట కుదురుకున్నారు. వాళ్లది పల్లెటూరి వంట. ఒకే కుండలో దొరికిన చేపో, క్రాఫిషో (పెద్ద రొయ్య లాంటి మంచినీటి జీవి), బాతో, పంది మాంసమో వండుతారు, పక్కన అన్నం. న్యూ ఆర్లీన్స్ నగరంలో పెరిగిన క్రియోల్ వంట వేరు. అందులో టమాటా, వెన్న, ఆకుల వాసన ఎక్కువ. ఇప్పుడు సీసాల మీద ఈ రెండు పేర్లూ కలిసిపోయాయి. ఒకే రకం పొడిని ఒక కంపెనీ కేజన్ అంటే మరో కంపెనీ క్రియోల్ అంటుంది.

పాతకాలం కేజన్ ఇంట్లో ఇన్ని పొడులు కలిపిన మసాలా సీసా ఉండేది కాదు. ఉప్పు, మిరియాల పొడి, ఎర్ర కారం, అంతే. అసలు రుచంతా ఉల్లిపాయ, సెలెరీ అనే కాడ కూర, పచ్చ క్యాప్సికమ్ సన్నగా తరిగి కలిపి మగ్గించడంలో ఉండేది. ఆ మూడింటినీ హోలీ ట్రినిటీ అంటారు, మన తాలింపు లాగా ఏ వంటైనా దాంతోనే మొదలు. మసాలా సీసాల జోరు తర్వాతి కాలానిది. ఓపెలూసాస్ అనే చిన్న ఊళ్లో టోనీ సాచరీ తన పేరు మీద సీజనింగ్ కంపెనీ పెట్టింది 1972లో. అదే ఊళ్లో పుట్టిన పాల్ ప్రుధోమ్ 1979లో న్యూ ఆర్లీన్స్‌లో కె-పాల్స్ రెస్టారెంట్ తెరిచాడు. మసాలా దట్టంగా పట్టించి మండే ఇనుప పెనం మీద నల్లగా కాల్చిన రెడ్‌ఫిష్‌తో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆ మోజుకి రెడ్‌ఫిష్ ఎంతగా ఖర్చయిందంటే, 1980లలో ప్రభుత్వం గల్ఫ్ సముద్రంలో దాని వాణిజ్య వేటను ఆపాల్సి వచ్చింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ పొడికి తాతల నాటి సూత్రం ఏదీ లేదు. ఎవరైనా "అసలైన కేజన్ కొలత ఇదే" అని బల్లగుద్ది చెప్తే నమ్మకండి, నాతో సహా. కాకపోతే అందరి సీసాల్లోనూ వెన్నెముకలా ఉండేవి కొన్ని ఉన్నాయి: రంగు కోసం ఎర్ర పొడి, వెల్లుల్లి, ఉల్లి, రెండు మూడు రకాల ఘాటు, ఎండు ఆకులు.

నా కొలత 100 గ్రాములకి చెప్తాను. చెంచాలతో కాకుండా వంటింటి తూకం మీద కొలవండి. టేబుల్ స్పూన్ వెల్లుల్లి పొడి దాదాపు 10 గ్రాములు తూగితే, అదే చెంచా నిండా ఎండు ఆరెగానో 3 గ్రాములు కూడా ఉండదు. రంగున్న, కారం తక్కువున్న మిరపపొడి 40 గ్రాములు, వెల్లుల్లి పొడి 20, ఉల్లిపాయ పొడి 12, నల్ల మిరియాల పొడి 8, తెల్ల మిరియాల పొడి 4, ఘాటైన కారం 6, ఎండు థైమ్ (వాము వాసనొచ్చే సన్నటి ఆకు) 5, ఎండు ఆరెగానో 5. ఉప్పు సున్నా.

ఆ 40 గ్రాముల ఎర్ర పొడి దగ్గరే మన దేశంలో ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. అమెరికా వాళ్లు పాప్రికా అని రాసేది కారం దాదాపు లేని పొడి. మిరప ఘాటుని స్కోవిల్ లెక్కలో కొలుస్తారు. తీపి పాప్రికా 1,000 కూడా దాటదు. వాళ్లు కారానికి వాడే కయెన్ 30,000 నుంచి 50,000 దాకా ఉంటుంది. మన గుంటూరు తేజ అయితే ఇంకా పైన, 75,000 దాటి లక్ష దాకా పోతుంది. పాప్రికా బదులు ఇంట్లో ఉన్న గుంటూరు కారం 40 గ్రాములు పోశారో, మీ ఇంట్లో ఆ పొడి ఇంకెవరూ ముట్టరు. అలాగని కారం తగ్గిస్తే రంగూ, కండా రెండూ పోతాయి. ఇందులో ఎర్ర పొడి పని కారం ఇవ్వడం కాదు. ముక్క మీద మందంగా పట్టి, వేగి, పొరలా గట్టిపడాలి. పొడిలో సగానికి దగ్గరగా ఉండేది అదే కాబట్టి అది మెత్తటి రకమై తీరాలి.

మీకు దొరికే వాటిలో నా మొదటి ఓటు బ్యాడిగి మిర్చికి. ముడతలు పడి, ముదురు ఎరుపులో ఉండే కర్ణాటక కాయ. పాప్రికా రంగు సారం తీసే కంపెనీలు కూడా దాన్నే కొంటాయి. వరంగల్ వైపు వాళ్లయితే చపాటా మిర్చి చూడండి, అదే టమాటా మిర్చి. పచ్చళ్లకి రంగు కోసం వాడతారు కదా, అది. 2025లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కాయ పొట్టిగా, గుండ్రంగా, తోలు మందంగా ఉంటుంది, కారం తక్కువ. ఏదైనా సరే తొడిమలు తీసి, కాయ చీల్చి, గింజలు దులిపి, లోపలి తెల్లటి ఈనె కూడా గీకేయండి. కారం ఎక్కువగా ఉండేది ఆ ఈనెలోనే, గింజలకి దాన్నుంచే అంటుతుంది. పైగా గింజలు కలిసి నలిగితే పొడి నారింజ రంగుకి తిరుగుతుంది. తోలుని మళ్లీ ఒక పూట ఎండలో పెట్టి, వేళ్ల మధ్య నలిపితే ఫట్‌మని విరిగేదాకా ఆగి, మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఏకబిగిన తిప్పితే జార్ వేడెక్కి అక్కడే సగం వేపుడు అయిపోతుంది.

అంత ఓపిక లేకపోతే బజారు కశ్మీరీ కారం వాడుకోవచ్చు. కానీ అది తీపి పాప్రికా కంటే కారంగానే ఉంటుంది. కాబట్టి లెక్కలోని 6 గ్రాముల ఘాటు కారాన్ని 2కి దించండి, ఆ తగ్గిన 4 కూడా కశ్మీరీలోనే వేసుకోండి. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడండి. మిరపపొడిలో 2 శాతం దాకా వంటనూనె కలపడానికి మన నిబంధనలు ఒప్పుకుంటాయి, కాకపోతే ప్యాకెట్ మీద రాయాలి. నూనె పట్టించిన పొడి చూడ్డానికి నిగనిగలాడుతుంది గానీ ఇలాంటి మిశ్రమంలో ఉండలు కడుతుంది. ఘాటు కారానికి గుంటూరు సన్నాలు కయెన్‌కి దగ్గరగా ఉంటాయి. తేజ వాడితే సగం వేస్తే చాలు.

స్మోక్డ్ పాప్రికా వెయ్యాలా అని చాలామంది అడుగుతారు. అది స్పెయిన్‌లో ఓక్ పొగలో ఆరబెట్టే మిరప. కేజన్ వంటలో పొగ వాసన ఉన్న మాట నిజమే, కానీ అది ఆండూయ్ అనే సాసేజ్ నుంచీ, టాసో అనే పొగబెట్టిన పంది మాంసం నుంచీ వస్తుంది. ఇవి వేయని పనీర్, బంగాళదుంపల్లాంటి వాటికి ఒక 10 గ్రాములు స్మోక్డ్ రకం కలిపితే బాగుంటుంది. మొత్తం అదే వేస్తే ఏది వండినా బార్బెక్యూ వాసనే.

ఇక వెల్లుల్లి, ఉల్లి. రెండూ కలిపి పొడిలో మూడో వంతు, గడ్డ కట్టేదీ ఎక్కువగా ఇవే. ఇంట్లో వెల్లుల్లి కారం ఉంది కదా, అది వేస్తే సరిపోదా అని మా అత్తగారు కూడా అడిగారు. వెల్లుల్లి కారం మన గొప్ప వంటకాల్లో ఒకటి, కాదనను. కానీ అందులో పచ్చి వెల్లుల్లి తడి ఉంటుంది. ఈ పొడిలో పడితే నిల్వ ఉండదు, మండే పెనం మీద ఆ పచ్చి ముక్కలు అందరికన్నా ముందు మాడతాయి. ఎండిన పొడే కావాలి.

కొనదలిస్తే తెల్లగా, పొడిపొడిగా జారేది కొనండి. ఇంట్లో చేయాలంటే వెల్లుల్లి రెబ్బల్ని కాగితంలా పలచగా తరిగి, పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. మే నెల ఎండలో అయితే రెండు మూడు రోజుల్లో గాజుముక్కల్లా అవుతాయి. ఓవెన్ ఉంటే అది దిగగలిగినంత తక్కువ వేడిలో, 60 డిగ్రీల దరిదాపుల్లో, తలుపు కాస్త తెరిచి ఉంచి పెట్టండి. తొందరపడి వేడి పెంచకండి. వెల్లుల్లి కోసినప్పుడు వచ్చే ఘాటు మొదట దాంట్లో ఉండదు. రెబ్బ తెగాక లోపలి ఎంజైమ్ పనిచేసి దాన్ని పుట్టిస్తుంది. చల్లగా ఎండితే ఆ ఎంజైమ్ పొడిలో నిద్రపోతూ ఉండి, నీళ్లు తగలగానే మళ్లీ లేస్తుంది. వేడి ఎక్కువైతే చచ్చిపోతుంది, అప్పుడు మిగిలేది చాతకాని తీపి వాసనే. ఈ ఒక్క విషయం కింద బంగాళదుంపల దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

ఉల్లిపాయ మాత్రం ఇంట్లో ఎండబెట్టమని చెప్పను. దాంట్లో అంతా నీరే. కిలో ఉల్లిపాయలు తరిగి, కళ్లు మండి, మూడు రోజులు కాపలా కాస్తే 100 గ్రాములు చేతికొస్తే గొప్ప. గుజరాత్‌లో మహువా వైపు ఉల్లిని ఎండబెట్టే ఫ్యాక్టరీలు వరసగా ఉన్నాయి, అక్కడి ఉల్లి రేకులు ఆన్‌లైన్లో చవగ్గా దొరుకుతాయి. రేకులు కొని ఇంట్లో పొడి చేసుకోండి. బిర్యానీకి వేయించి అమ్మే ఉల్లిపాయలు మాత్రం వద్దు, వాటి నిండా నూనె.

మిరియాలు రెండు రకాలు ఎందుకని మీకు సందేహం రావచ్చు. ఎరుపు, నలుపు, తెలుపు మూడు ఘాట్లూ కలిపి వాడటం ప్రుధోమ్ వంటల గుర్తు. నాకు తోచినంతలో ఎర్ర కారం వెంటనే నాలుక మీదా, తర్వాత గొంతులోనూ తగులుతుంది. నల్ల మిరియం ముక్కుకి ముందు అందుతుంది. తెల్ల మిరియం నోట్లో కాస్త ఆలస్యంగా, వెనక నుంచి వస్తుంది. మూడూ ఉంటే ఏదీ ఎక్కువ వెయ్యక్కర్లేదు. తెల్ల మిరియం వేరే చెట్టుది కాదు, పండిన మిరియాన్ని నానబెట్టి పై తోలు తీసేస్తే అదే. దాని మట్టి వాసన కొందరికి పడదు. మీకు పడకపోతే మానేసి నల్లవి 11 గ్రాములు చేసుకోండి, కొంపేం మునగదు. నల్ల మిరియాలు మాత్రం ఎప్పటికప్పుడు ఇంట్లోనే కొట్టుకోండి. ప్యాకెట్ మిరియాల పొడిలో మిగిలేది మంట ఒక్కటే, వాసన పోయి చాలాకాలమై ఉంటుంది.

థైమ్ చిన్న సీసాల్లో దొరుకుతుంది, ఖరీదే. మీరు చూసిన సీసా ధరలో దాని వాటా తక్కువేం కాదు. దొరక్కపోతే మన దగ్గర ఒక దారి ఉంది. థైమ్‌కి ఆ వాసన ఇచ్చేది థైమాల్, మన వాములో ఉండేదీ అదే. కాకపోతే వాములో అది చాలా ఎక్కువ. 5 గ్రాముల థైమ్ బదులు ఒక్క గ్రాము వాము చాలు. దాన్ని కూడా వేయించకుండా నలిపి వేయండి. మించితే జంతికల వాసన వస్తుంది. ఇంకా మంచిది, పెరట్లో వామాకు మొక్క ఉంటే దాని ఆకులు ఎండబెట్టడం. బజ్జీలు వేస్తామే, ఆ దళసరి ఆకే. విదేశాల్లో దాన్ని క్యూబా ఆరెగానో అంటారు. ఆ ఆకులో ఆరెగానో వాసనా, థైమ్ వాసనా రెండూ ఉన్నాయి. నీరు ఎక్కువ కాబట్టి సన్నగా చీల్చి, నీడలో, గాలి తగిలేలా ఆరబెట్టండి. పిజ్జాతో వచ్చే ఆరెగానో పొట్లాలు దాచుకుని ఇందులో వాడేస్తుంటారు. వాటిలో ఉప్పు, వెల్లుల్లి, మిరప కూడా కలిపి ఉంటాయి, మన లెక్క తప్పుతుంది.

జీలకర్ర వద్దు, వేస్తే మెక్సికో వైపు పోతుంది. గరం మసాలా, ఆమ్‌చూర్, పసుపు కూడా వద్దు. చక్కెర కొందరు వేస్తారు, కాల్చే వంటకి అది మాడుతుంది.

ఇప్పుడు ఉప్పు. దినుసుల పట్టీలో బరువు ఎక్కువ ఉన్నది ముందు రాయాలని మన దేశంలోనూ, అమెరికాలోనూ నియమం. మీరు చూసిన సీసా తిప్పి చూడండి, చాలా బ్రాండ్లలో మొదటి పేరు ఉప్పే. అంటే ఆ ధరలో మీరు కొనేది ఎక్కువగా ఉప్పు. ధర సరే, వంటకి కూడా అది ఇబ్బందే. చేప మీద ఘాటు ఎక్కువ కావాలని పొడి ఇంకో చెంచా వేస్తే ఉప్పూ వెంట వస్తుంది. ఉప్పు పెట్టి ఉడికించిన దుంపల మీద చల్లినా అంతే. మీకు ఒకసారి ఉప్పగా, ఒకసారి చప్పగా తగలడానికి మరో కారణం కూడా ఉంది. ఉప్పు పలుకులు బరువు, ఎండు ఆకులు తేలిక. సీసా కదిలిన కొద్దీ ఉప్పు అడుక్కి దిగిపోతుంది. పై నుంచి తీసినన్నాళ్లు చప్పన, సీసా అడుగుకి వచ్చేసరికి ఉప్పు కషాయం. దానికి తోడు ఉప్పు గాల్లో తేమ లాగుతుంది, ఆ తేమని వెల్లుల్లి, ఉల్లి పొడులు తాగి రాయవుతాయి. కంపెనీ సీసాల్లో అది జరగకుండా సిలికాన్ డయాక్సైడ్ లాంటివి కలుపుతారు.

కాబట్టి ఉప్పు వంటకి వేయండి, పొడికి కాదు. అర కిలో చేపకో, చికెన్‌కో చెంచా ఉప్పు, అంటే 5, 6 గ్రాములు, ముందుగా పట్టించి పావుగంట ఉంచి, పైన తడి తుడిచి, అప్పుడు పొడి పట్టించాలి. అమెరికా వంటకాల్లో "కేజన్ సీజనింగ్ ఒక టేబుల్ స్పూన్" అని ఉండి ఉప్పు ప్రస్తావన లేకపోతే, వాళ్ల సీసాలో ఉప్పుందని అర్థం. మీరు మన పొడితో చేసేటప్పుడు విడిగా ఉప్పు వేసి రుచి చూసుకోండి.

కలిపేటప్పుడు అన్నీ విడివిడిగా పొడి చేసి, ఒక్కటే జల్లెడలో రెండుసార్లు జల్లించండి. ఆకులు మాత్రం చివర్లో అరచేతుల మధ్య నలిపి వేయండి, మెత్తటి పొడి చేయొద్దు. సీసా పూర్తిగా ఆరి ఉండాలి. అడుగున నాలుగు బియ్యపు గింజలు గుడ్డలో మూట కట్టి వేసినా మంచిదే. ఉడుకుతున్న కుండ మీద సీసా వంచి చల్లకండి. ఆవిరి లోపలికి పోతుంది, గడ్డ కట్టడానికి ఆ ఒక్కసారి చాలు. గిన్నెలోకి తీసుకుని అక్కణ్నుంచి వేయండి. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో వానాకాలం అయితే 50 గ్రాములే చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. మూడు నాలుగు నెలలు బాగుంటుంది, తర్వాత పాడవదు గానీ రంగూ వాసనా దిగిపోతాయి.

చేపలకి వాడొచ్చా అన్నారు. అసలు దాని గొప్పంతా అక్కడే. పండుగప్ప ముల్లు లేని ముక్కలు అయితే ప్రశస్తం, కొరమీను కూడా సరే. వేలెడు మందం దాటకుండా కోయించండి. బరువైన ఇనుప పెనం నూనె లేకుండా పెద్ద మంట మీద పెట్టి, నీటి చుక్క వేస్తే పూసలా దొర్లి మాయమయ్యేదాకా కాల్చాలి. చేప ముక్కని కరిగిన నెయ్యిలో ముంచి, పొడి రెండు వైపులా వేళ్లతో ఒత్తి, పెనం మీద వేసి కదపకుండా వదిలేయండి. అమెరికా పద్ధతిలో వెన్న వాడతారు గానీ, వెన్నలోని పాల అంశం త్వరగా మాడుతుంది. మన నెయ్యి ఆ వేడికి నిలుస్తుంది. రెండు నిమిషాలకి అంచు కింద నుంచి ముదురు గోధుమ రంగు పాకుతూ పైకి కనిపిస్తుంది, అప్పుడు తిప్పండి. అది కాఫీ గింజ రంగులో ఉండాలి, బొగ్గులా కాదు. నోట్లో పెట్టుకుంటే పైన కరకర, లోపల మెత్తన. పొగ మాత్రం భయంకరంగా వస్తుంది, ఇల్లంతా మిరప ఘాటుకి దగ్గులే. ఫ్లాట్లో ఉంటే బాల్కనీలో చేసుకోండి. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో ఫైర్ అలారం మోగించిన తెలుగువాళ్లు బోలెడుమంది.

రొయ్యలకి ఇంత మంట వద్దు. ఒక చెంచా నూనెలో పొడి కలిపి పట్టించి, మధ్యస్థపు మంట మీద వంకర తిరిగేదాకా వేయించి దించేయడమే. అన్నట్టు, ఇక్కడి దుకాణాల్లో ఫ్రోజెన్ రొయ్యల ప్యాకెట్ తిప్పితే ఇండియా అని ఉంటుంది, వాటిలో ఎక్కువ భాగం మన ఆంధ్ర చెరువుల వనామీయే. లూసియానా జాలర్లకి దాని మీద కోపం చాలా ఉంది. వాటితో ధరలో పోటీ పడలేకపోతున్నామని వాళ్ల గోడు. దిగుమతి రొయ్యలు వాడితే ఆ సంగతి రెస్టారెంట్లు గిరాకీకి తెలపాలని ఆ రాష్ట్రంలో చట్టం ఉంది.

మీ బంగాళదుంపల సంగతి. బఫేల్లో పెట్టే కేజన్ పొటాటో మన దేశంలో పుట్టిన వంట, లూసియానాలో అడిగితే ఎవరికీ తెలియదు. అందులో పొడి రెండు చోట్ల పడుతుంది, రెండు చోట్లా వేరేగా వాడాలి. ఉప్పు నీళ్లలో ఉడికించిన చిన్న దుంపల్ని అరచేత్తో నొక్కి, కార్న్‌ఫ్లోర్, మైదా జారుడు పిండిలో ముంచి వేయిస్తారు. పిండిలో పొడి కొంచెమే వేయండి, ఎక్కువైతే నూనెలో రాలి మాడుతుంది. అసలు రుచి పైన పోసే మయొనైజ్‌ది. పొడిని నేరుగా మయొనైజ్‌లో కలిపితే పచ్చిగా, ఇసుకలా తగులుతుంది. మయొనైజ్ పులుపుకి వెల్లుల్లి ఎంజైమ్ కూడా సరిగా లేవదు. ముందు రెండు చెంచాల పొడిలో రెండు చెంచాల చల్లటి నీళ్లు పోసి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. మూత తీయగానే వెల్లుల్లి గుప్పుమంటుంది. అప్పుడు మయొనైజ్, కాసిని పాలు, ఉప్పు చూసుకుని కలిపి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచి పోయండి. మీరు వెతుకుతున్న రుచి అది.

గంబో, జంబలాయా లాంటి కుండ వంటలకైతే హోలీ ట్రినిటీ కూరలు మగ్గుతున్నప్పుడు పొడి సగం, దించే ముందు రుచి చూసి మిగతా సగం. క్రాఫిష్‌ని కుండలో మరిగించే బాయిల్‌కి మాత్రం ఇది పనికిరాదు. దానికి ఆవాలు, ధనియాలు, బిర్యానీ ఆకు, లవంగం లాంటివి కొట్టకుండా గుడ్డ సంచిలో కట్టి నీళ్లలో వేస్తారు, అది వేరే లెక్క.

చివరగా ఎయిర్ ఫ్రయర్. పొడి విడిగా చల్లి లోపల పెడితే ఫ్యాన్ గాలికి ఆకులన్నీ ఎగిరి పైన హీటర్‌కి అంటుకుని మాడు వాసన వస్తుంది. పనీర్ ముక్కలో, దుంపలో ఏవైనా సరే, చెంచా నూనెలో పొడి ముద్దలా కలిపి పట్టించి, 180 డిగ్రీలు దాటకుండా పెట్టండి. సగం సమయానికి ఒకసారి తిప్పితే చాలు.